వెల్లుల్లి తలమీది గింజలు గింజలు కావు

మృగశిర కార్తె ప్రవేశించే రోజుల్లో ఇక్కడ మిషిగన్‌లో మా పెరటి వెల్లుల్లి మొక్కల నడుమ నుంచి పెన్సిలంత లావు కాడలు లేస్తాయి. మూరెడు పెరిగాక నిటారుగా ఉండక మెలిక తిరుగుతాయి. కాడ చివర కొంగముక్కులాంటి మొన, దాని మొదట్లో చిన్న ఉబ్బు. గుంటూరు జిల్లాలో పుట్టి, పుట్టెడు వెల్లుల్లి కారం తిని పెరిగిన నాకు వెల్లుల్లి పూస్తుందన్న సంగతి నలభయ్యో ఏట అమెరికాలో తెలిసింది.

పూసింది కాబట్టి గింజ కడుతుందనుకున్నాను. ఉల్లికి అంతే కదా, తెల్లటి పూబంతి వస్తుంది, ఎండితే దులిపి నల్లగింజలు తీస్తారు. జులైలో ఆ ఉబ్బు మీది పొర చిట్లింది. లోపల నల్లగింజ ఒక్కటీ లేదు. వడ్లగింజంతవి, గోధుమగింజంతవి, తెల్లగా ఊదా చారలతో చిట్టి చిట్టి రెబ్బలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ కిక్కిరిసి ఉన్నాయి. డైనింగ్ టేబుల్ మీద పేపరు పరిచి లెక్కపెడితే ఒక్క తలలో నూట నలభై దాటాయి. ఆనందం పట్టలేక సీసాలో పోసి మూతపెట్టి, ఏప్రిల్‌లో ఉల్లినారు పోసినట్టు ట్రేలో పోశాను. సగం మొలవలేదు. మొలిచినవి ఎండాకాలం వచ్చేసరికి మిరియపు గింజంత దుంప కట్టి వాడిపోయాయి.

తప్పు ఎక్కడుందో తెలియడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. నేను చేసిన తప్పంతా ఒక మాట దగ్గర మొదలైంది. ఆ మాట విత్తనం.

మన రైతు నోట విత్తనం అంటే గింజ ఒక్కటే కాదు. దుగ్గిరాల వైపు పసుపు విత్తనం అంటే కొమ్ము, అల్లం విత్తనం అంటే దుంప, చెరకు విత్తనం అంటే కణుపున్న ముచ్చె. నాటితే మొలిచేదల్లా విత్తనమే. అమెరికాలో కూడా నాటడానికి అమ్మే వెల్లుల్లిని ‘సీడ్ గార్లిక్’ అంటారు, అందులో సీడ్ ఏమీ ఉండదు, మామూలు గడ్డలే ఉంటాయి. వెల్లుల్లి విషయానికొస్తే ఈ ఒక్క మాట కింద మూడు వస్తువులు దాక్కున్నాయి. మొదటిది మనం వలిచి నాటే రెబ్బ. రెండోది పూతకాడ తలమీద కట్టే చిట్టి రెబ్బ, ఇంగ్లీషు తోటమాలులు దీన్ని బుల్బిల్ అంటారు. మూడోది నిజమైన గింజ, అంటే పువ్వులో పుప్పొడి పడి, అండం ఫలదీకరణ చెంది పుట్టినది. మొదటి రెండూ ఒకే తల్లికి అచ్చుగుద్దిన నకళ్లు. మూడోది మాత్రమే కొత్త మనిషి, అంటే కొత్త మొక్క. బుల్బిల్‌ని ఇక్కడ పిల్లరెబ్బ అని పిలుస్తాను, మాటిమాటికీ బుల్బిల్ అంటే నాలుక తిరగదు.

పిల్లరెబ్బ లాంటి ఏర్పాటు మనకు కొత్తేమీ కాదు. రణపాల ఆకు అంచున గాట్లలో పిల్లమొక్కలు మొలవడం చూడని ఇల్లుండదు. చేలగట్ల మీద కిత్తనార జీవితంలో ఒకేసారి బారెడు బారెడు స్తంభం లేపి పూసి, పూలు రాలాక ఆ కొమ్మల మీదే పిల్లమొక్కల్ని కట్టి, కింద రాల్చి చచ్చిపోతుంది. వెల్లుల్లి చేసేదీ అదే. ఎప్పుడో పువ్వుతో గింజ కట్టే పద్ధతి ఉండేది. మనిషి చేతిలో పడి వేల ఏళ్లుగా రెబ్బతోనే పెరగడంతో ఆ పద్ధతి దాదాపు పోయింది. పోయినా పూతకాడ లేపే అలవాటు మాత్రం పోలేదు. కాడ మీద పువ్వులకు వేసిన పీటల మీద పిల్లరెబ్బలు కూర్చున్నాయి.

పువ్వులు అసలు రావా అంటే వస్తాయి. పొర చిట్లాక దగ్గరగా చూడండి. పిల్లరెబ్బల సందుల్లో దారప్పోగులంత సన్నటి కాళ్ల మీద లేత గులాబీ రంగు మొగ్గలు నిక్కి చూస్తుంటాయి. వారం పది రోజుల్లో అవి ఎండిపోతాయి. లావెక్కుతున్న పిల్లరెబ్బలు తిండంతా లాగేసుకుంటాయి. చాలా రకాల్లో పుప్పొడి కూడా సరిగ్గా తయారవదు. ఒకే కంచంలో తినే ఇద్దరు పిల్లల్లో పెద్దది కోడిగుడ్డూ కూరా లాగేసుకుంటే చిన్నదానికి మిగిలేది చారే.

మరి వెల్లుల్లికి గింజ అసాధ్యమేనా? ఎన్నో దశాబ్దాలు శాస్త్రజ్ఞులూ అలాగే అనుకున్నారు. 1980ల్లో జపాన్‌లోని కగోషిమా విశ్వవిద్యాలయానికి చెందిన తకెయోమి ఎతో అప్పటి సోవియట్ మధ్య ఆసియాకు వెళ్లి వెల్లుల్లి నమూనాలు సేకరించారు. తియాన్ షాన్ కొండల చుట్టుపక్కల ప్రాంతం వెల్లుల్లికి పుట్టిల్లు. అక్కడి కొన్ని మొక్కల్లో పుప్పొడి పనిచేస్తోందనీ, వాటికి గింజ కడుతోందనీ ఆయన చూపించారు. ఆ తర్వాత అమెరికాలో విస్కాన్సిన్‌లోనూ ఇజ్రాయెల్‌లోనూ పరిశోధకులు ఆ దారి పట్టారు. వాళ్ల పని వింటే నవ్వొస్తుంది, ఓపికకు దండం పెట్టాలనిపిస్తుంది. గుత్తి విచ్చుకోగానే పట్టకారుతో పిల్లరెబ్బల్ని ఒక్కొక్కటే పీకేస్తారు, పువ్వులకు దెబ్బ తగలకుండా. తిండికి పోటీ పోయాక పువ్వులు బతుకుతాయి. తేనెటీగలు వాలతాయి. అదృష్టముంటే ఒక గుత్తికి కొన్ని గింజలు, నల్లగా, ఉల్లిగింజ కన్నా చిన్నగా. మొదటి తరం గింజలు మొలిచేదీ తక్కువే. ఆ మొలిచిన వాటి నుంచి మళ్లీ గింజ తీసుకుంటూ పోతే తరం తరానికీ మొలక శాతం మెరుగవుతుంది.

ఇంత కష్టం ఎందుకంటే, గింజ నుంచి వచ్చినది కొత్త మొక్క కాబట్టి కొత్త రకం దొరుకుతుంది. పైగా రెబ్బతో తరతరాలుగా వచ్చే వైరస్‌లు గింజ దగ్గర చాలావరకు ఆగిపోతాయి. పెరటి తోటమాలికి ఇది సరదా పని. నాకంత సరదా లేదు. ఈ వ్యాసం పిల్లరెబ్బ గురించి.

ఏ వెల్లుల్లి కాడ లేపుతుంది, ఏది లేపదు

ఇదే అసలు చిక్కుముడి. మన దేశంలో కొన్న వెల్లుల్లి నాటి, కాడ కోసం ఎదురుచూస్తే జీవితం గడిచిపోతుంది.

వెల్లుల్లి రెండు తెగలు. ఒక తెగకు నడుమ గట్టి కాడ ఉంటుంది, గడ్డ కోస్తే మధ్యలో పుల్లలాంటి కర్ర, దాని చుట్టూ ఒకే వరుసలో పెద్ద రెబ్బలు. దీన్ని హార్డ్‌నెక్ అంటారు. రెండో తెగ సాఫ్ట్‌నెక్. మెడ మెత్తన, నడుమ కర్ర ఉండదు, రెబ్బలు పొరలు పొరలుగా చిన్నవీ పెద్దవీ కలిసి ఉంటాయి. ఆకుల్ని జడల్లా అల్లి వేలాడదీసేవి ఇవే. కిరాణా కొట్లో దొరికేవి, మనదేశంలో పండేవి దాదాపు అన్నీ సాఫ్ట్‌నెక్కే.

హార్డ్‌నెక్‌లోనూ కుటుంబాలున్నాయి, పిల్లరెబ్బల తీరు కుటుంబానికొకటి. రోకంబోల్ రకాలకు తలలో పదీ ఇరవై ముప్ఫై మాత్రమే ఉంటాయి, కానీ ఒక్కోటి బఠాణీ గింజంత. పోర్సెలిన్ రకాలకు వందా అంతకు మించి, ఒక్కోటి బియ్యపు గింజ సైజు. పర్పుల్ స్ట్రైప్ రకాలు నడిమి దారి. నా దగ్గరున్నది మ్యూజిక్ అనే పోర్సెలిన్. పేరు వినగానే పాటలు గుర్తొస్తాయి గానీ, కెనడాలో ఒంటారియో రైతు ఇంటి పేరు అది, ఆయన ఇటలీ నుంచి తెచ్చిన రకం. గడ్డకు నాలుగు నుంచి ఆరు రెబ్బలు, ఒక్కో రెబ్బ బొటనవేలంత. వలవడం ఎంత హాయో, చిన్న రెబ్బల గడ్డ ముందేసుకుని గోళ్లు నొప్పెట్టుకున్న వాళ్లకే తెలుస్తుంది.

కాడ లేవాలంటే తెగ ఒక్కటే చాలదు, చలి కావాలి. అక్టోబర్‌లో నాటిన రెబ్బ వేళ్లు తన్ని మంచు కింద పడుకుంటుంది. 10 డిగ్రీల లోపు చలి వారాల తరబడి తగిలితేనే లోపలి చిగురు ‘ఇక పూతకు పోవాలి, రెబ్బలుగా విడిపోవాలి’ అన్న నిర్ణయం తీసుకుంటుంది. వసంతంలో పగటి పొద్దు పెరుగుతుంటే గడ్డ ఊరుతుంది. డెట్రాయిట్ దగ్గర జూన్ పగలు 15 గంటలు దాటుతుంది. హైదరాబాద్‌లో ఏడాదిలో అతి పెద్ద పగలు కూడా 13 గంటల పైచిలుకే. లంబసింగిలో నాలుగు రాత్రులు వణికించే చలి పడింది కదా అంటే అదీ చాలదు, ఆ చలి నిలవాలి. అందుకే మన మైదానాలకు యమునా సఫేద్, జీ-50 లాంటి చిన్న పగటి రకాలు, అక్టోబర్ నవంబర్‌లలో వేసి ఫిబ్రవరి మార్చిలో పీకేవి. ఉత్తరాది కొండలకు అగ్రిఫౌండ్ పార్వతి లాంటి పెద్ద పగటి రకం. దేశంలో వెల్లుల్లి ఎక్కువ పండేది మధ్యప్రదేశ్‌లో, మంద్‌సౌర్, నీమచ్ వైపు. తెలుగు నేల మీద సాగు తక్కువగా ఉండడానికి కారణం మన రైతుకు రాకపోవడం కాదు, మన చలికాలం పొట్టిది.

ఒక చిన్న మినహాయింపు చెప్పాలి. సాఫ్ట్‌నెక్ మొక్కలు కూడా వాతావరణం అటూ ఇటూ అయినప్పుడు, తలమీద కాకుండా కాండం మధ్యలో ఉబ్బి, ఆకు తొడుగు చీల్చుకుని నాలుగైదు చిట్టి రెబ్బలు కడతాయి. మిద్దెతోటలో ఎప్పుడైనా కాండానికి కణితి లేచినట్టు కనిపిస్తే తెగులని పీకి పారేయకండి. అదీ పిల్లరెబ్బే, నాటితే మొలుస్తుంది.

ఎందుకీ బెడద, రెబ్బ నాటుకుంటే పోదా

పోతుంది. ఇరవై ముప్ఫై మొక్కలు వేసుకునే ఇంటికి పిల్లరెబ్బల అవసరమే లేదు. అయినా రెండు సందర్భాల్లో దీనికి సాటి లేదు.

మొదటిది లెక్క. మ్యూజిక్ గడ్డకు ఐదు రెబ్బలనుకుందాం. ఒక గడ్డ నాటితే ఐదు గడ్డలు, వచ్చే ఏడు ఇరవై ఐదు, అదీ ఒక్క రెబ్బా తినకుండా ఉంటే. నాటే వెల్లుల్లి ఇక్కడ బంగారం ధర పలుకుతుంది, పౌండుకు 20 డాలర్లు పెట్టినా ఆశ్చర్యం లేదు. అదే ఒక్క కాడ వదిలేస్తే వంద పిల్లరెబ్బలు ఊరికే వస్తాయి. మెచ్చిన రకం నాలుగు గడ్డలే దొరికినప్పుడు, పొలం నిండా అది చేయాలనుకున్నవాడికి ఇది దగ్గరి దారి. దగ్గరి దారే, కాకపోతే ఏళ్లు పడుతుంది. ఆ సంగతి తర్వాత.

రెండోది నాకు ముఖ్యమైనది, మట్టి. రెబ్బ పుట్టేది మట్టిలో. ఆ మట్టిలో ఏ రోగముంటే అది రెబ్బ తొక్కల్లో, వేరు మొదట్లో అంటుకుని వచ్చే ఏటి మడికి చేరుతుంది. తెల్లకుళ్లు శిలీంధ్రం ఆవగింజ కన్నా చిన్న నల్లటి ఉండలుగా నేలలో 20 ఏళ్లు పైగా పడుకుని ఉండగలదు, ఉల్లి జాతి వేరు వాసన తగలగానే లేస్తుంది. ఫ్యుసేరియం కుళ్లు ఉంది. కాండంలోకీ గడ్డలోకీ దూరే నులిపురుగు ఉంది, 2010 తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలో, ఒంటారియోలో వెల్లుల్లి రైతుల్ని ఏడిపించింది అదే. ఎంతోమంది తెలియకుండానే కొన్న విత్తనంతోపాటు దాన్నీ ఇంటికి తెచ్చుకున్నారు. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో వెల్లుల్లి నాట్లకు సంబంధించి క్వారంటైన్ నిబంధనలే ఉన్నాయి, తెల్లకుళ్లు భయంతో.

పిల్లరెబ్బ పుట్టేది నేలకు రెండు మూడడుగుల ఎత్తున, గాలిలో. మట్టి మొహం చూడలేదు. కాబట్టి నేలలో ఉండే ఈ రోగాలు చాలావరకు దానికి అంటవు. తల్లి పడుకున్న మంచానికి నల్లులున్నా ఉయ్యాల్లో పిల్లకు కుట్టనట్టు. పాత మడి చెడిపోతే, ఆ మడిలోని గడ్డలు అన్నీ తినేసి, పిల్లరెబ్బల్ని మాత్రం వేరే కొత్త మడికి తీసుకెళ్లి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

ఇక్కడే చాలామంది ఇంకో అడుగు వేసి బోల్తా పడతారు. ‘పిల్లరెబ్బలతో వెల్లుల్లి పూర్తిగా శుభ్రపడుతుంది, వైరస్‌లు పోతాయి’ అని గట్టిగా చెప్పేవాళ్లు తగులుతుంటారు. పోవు. వైరస్ ఉండేది మట్టిలో కాదు, మొక్క రసంలో. తల్లి ఒంట్లో ఉన్న వైరస్ కాడ గుండా పిల్లరెబ్బలోకీ ఎక్కుతుంది. వైరస్ లేని వెల్లుల్లి కావాలంటే రెండే మార్గాలు, ల్యాబ్‌లో చిగురు కొసను కోసి టిష్యూ కల్చర్ చేయడం, లేదా ముందు చెప్పిన అసలు గింజ. మన చేతిలో ఉన్నది ఒక్కటే. పిల్లరెబ్బ కోసం కాడ వదిలే మొక్కను చూసి ఎంచుకోవడం. ఆకుల మీద పసుపు చారలు, మచ్చలు, ముడతలు ఉన్న మొక్కను వదలకూడదు. అన్నిటికన్నా పొడవుగా, ముదురు పచ్చగా, నిటారుగా ఉన్న దాన్ని మే నెలలోనే గుర్తుపెట్టుకుని దానికి ఎర్రదారం కడతాను.

ఇంకో అపోహ, ఇది చిన్నదే. పిల్లరెబ్బ నాటితే కొత్త రకం రాదు. నకలుకు నకలే. రంగు కాస్త మారితే, సైజు మారితే అది నేల, నీరు, చలి చేసే పని. ఊరు మారితే అదే వెల్లుల్లి తొక్క రంగు మారుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు 2004లో వందల వెల్లుల్లి నమూనాల డీఎన్‌ఏ పోల్చి చూస్తే, వేర్వేరు పేర్లతో చలామణీ అవుతున్నవి చాలా ఒకటేనని తేలింది.

కాడ వదలడం నుంచి ఒంటిరెబ్బ దాకా

మామూలుగా జూన్‌లో కాడ ఒక మెలిక తిరగగానే విరిచేస్తారు. లేకపోతే మొక్క బలం పైకి పోయి గడ్డ చిన్నదవుతుంది. నేల సారం తక్కువైతే గడ్డ బరువు పావు వంతు దాకా తగ్గినా తగ్గుతుంది. విరిచిన లేత కాడలతో పచ్చడి చేస్తే గోంగూర ఒక పక్కకు జరగాల్సిందే. అంచేత ముప్ఫై మొక్కల్లో నేను మూడే వదులుతాను.

వదిలిన కాడ వారాల మీద మెలిక విప్పుకుంటూ పోయి జులైకి నిట్టనిలువుగా నిలబడుతుంది. అది నిలబడిందంటే లోపల పిల్లరెబ్బలు ముదురుతున్నాయని గుర్తు. తొడుగు పొర చిట్లి, రెబ్బలు కాడను గట్టిగా పట్టుకునే ఉండగా కోయాలి. ఆలస్యమైతే గాలికి రాలి మడంతా మొలుస్తాయి, ఆ తర్వాత ఏ మొక్క ఎప్పటిదో తెలియదు. నేను మొక్కను కాడతో సహా పీకి, గరాజ్‌లో ఫ్యాన్ గాలి తగిలేలా తలకిందులుగా కట్టేస్తాను, కాడలో మిగిలిన పాలు కూడా తలకు చేరతాయని ఆశ. నాలుగైదు వారాలకు పెళపెళలాడతాయి. అప్పుడు గుత్తిని పళ్లెంలో పెట్టి బొటనవేలితో రుద్దితే పొట్టుతో సహా రాలతాయి. చేటతో చెరిగితే పని అయిపోయింది. మా ఇంట్లో చేట లేదు, హెయిర్ డ్రయర్‌తో ఊదాను. అమ్మ చూసి ఉంటే ఏమనేదో.

నాటేది చిత్త కార్తెలో, అంటే అక్టోబర్ మధ్యలో, మామూలు రెబ్బలతోపాటే. నా మొదటి తప్పు ఇదే. ఏప్రిల్‌లో నాటిన పిల్లరెబ్బకు చలీ లేదు, వేరు తన్నే వ్యవధీ లేదు. పైగా బియ్యపు గింజంత రెబ్బ వేడి గదిలో చలికాలమంతా ఉంటే లోపల ఎండి గుల్లవుతుంది.

మామూలు రెబ్బకు రెండంగుళాల లోతు. దీనికి అర అంగుళం, బఠాణీ అంత ఉంటే అంగుళం. తల పైకి ఉందా కిందికి ఉందా అని చూడక్కర్లేదు, బియ్యపు గింజకు తల వెతుకుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. గాడి గీసి, అంగుళానికొకటి చొప్పున చల్లి, మెత్తటి కంపోస్ట్ కప్పితే చాలు. పైన గడ్డి పరుపు పలచగా. మొదటి ఏడాది నేను మేపుల్ ఆకులు మందంగా పరిచాను. అవి మంచుకు తడిసి అప్పడాల్లా అంటుకుపోయి, వసంతంలో ఆ సన్నటి మొలకలు వాటిని ఛేదించలేకపోయాయి.

ఆ మొలకలు ఎలా ఉంటాయో చెప్పాలి, లేకపోతే మా ఇంట్లో జరిగిందే మీ ఇంట్లోనూ జరుగుతుంది. మే నెలలో అమ్మ వచ్చింది. జెట్‌లాగ్‌తో తెల్లవారుజామునే లేచి పెరట్లోకి వెళ్లింది. నేను కాఫీ తీసుకుని వెళ్లేసరికి మడిలో ఒక పక్కంతా ఖాళీ. “ఇంత చక్కటి మడిలో గరిక రానిచ్చావేంట్రా” అంది. చేతిలో గుప్పెడు సన్నటి పచ్చటి పోచలు. నాకు మాట రాలేదు. అంతలో అమ్మే చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయింది. “ఒరేయ్, ఈ గరిక వెల్లుల్లి వాసనేస్తోందేంట్రా?”

అరవై పోయాయి. ఆ పూట పప్పులోకి పోపు బాగా కుదిరింది. పిల్లరెబ్బ మొదటి ఏడు అచ్చం గడ్డిపోచే, ఒకటి రెండు ఆకులు, అవీ దబ్బనం లావు. అందుకే వాటికి వేరే మడి, చుట్టూ చెక్కలు, నాలుగు మూలలా కర్రలు, వీలైతే అమ్మకు ముందే ఫోను. గడ్డి మొలకెత్తే నేల అస్సలు పనికిరాదు. కలుపుతో ఈ మొక్క పోటీపడలేదు.

జూన్ చివరికి ఆకులు పండుతాయి, పెద్ద వెల్లుల్లి కన్నా రెండు మూడు వారాల ముందే. ఆకు పూర్తిగా మాయమయ్యేదాకా ఆగితే నేలలో ఎక్కడున్నాయో దొరకవు. తవ్వితే శనగగింజంత నుంచి గోలీ అంత దాకా నున్నటి గుండ్రటి దుంపలు బయటపడతాయి. రెబ్బలుగా విడిపోవు, ఒకే ముద్ద. ఒంటిరెబ్బ.

ఈ ఒంటిరెబ్బ మనకు తెలిసినదే. ఆయుర్వేదం దుకాణాల్లో, మందుల పేరు చెప్పి రెట్టింపు ధరకు అమ్ముతారు. అదేదో వేరే జాతి అనుకుంటారు చాలామంది. వెల్లుల్లి ఒంటిరెబ్బ కావడానికి రెండు కారణాలు. మొక్క రెబ్బలుగా విడిపోయేంత పెద్దది కాకపోవడం ఒకటి, పిల్లరెబ్బ విషయంలో జరిగేది ఇదే. తగినంత చలి తగలకపోవడం రెండోది. హార్డ్‌నెక్ పెద్ద రెబ్బనే ఏప్రిల్‌లో నాటి చూడండి, తరచూ ఒంటిరెబ్బే వస్తుంది. చైనాలో యునాన్ వైపు ఒంటిరెబ్బను పనిగట్టుకుని పండించి ఎగుమతి చేస్తారు. వలవడానికి సుఖం, నిల్వ బాగా ఉంటుంది. అందులో ఇంకేదో మహత్తు ఉందన్న మాట మీద నాకు నమ్మకం లేదు.

ఆ ఒంటిరెబ్బల్ని ఆరబెట్టి మళ్లీ చిత్త కార్తెలో నాటాలి, ఈసారి లోతు అంగుళంన్నర. రెండో ఏట రోకంబోల్ అయితే రెబ్బలుగా విడిన గడ్డ చాలావరకు వచ్చేస్తుంది, బఠాణీ అంతతో మొదలైంది కదా. పోర్సెలిన్‌కు ఇంకా తొందర లేదు. రెండో ఏట పెద్ద ఒంటిరెబ్బ, లేదా రెండు మూడు రెబ్బల బుడిపె. మూడో ఏట కూరకు పనికొచ్చే గడ్డ, నాలుగో ఏటికి కొట్లో కొన్నంత సైజు. నా లెక్క చెబుతాను. ఏప్రిల్ ట్రే సంగతి వదిలేస్తే, అక్టోబర్‌లో మొదటిసారి చల్లినవి నూట నలభై. అమ్మ చేతిలో, మేపుల్ ఆకుల కింద పోగా యాభై ఒంటిరెబ్బలు వచ్చాయి. వాటిలో గోలీ కన్నా చిన్నవి వంటింటికి పంపి ముప్ఫై నాటాను. రెండో ఏట ఇరవై ఏడు మిగిలాయి. మూడో ఏట ఇరవై నాలుగు గడ్డలు, పెద్దది నిమ్మకాయంత. నాటే వెల్లుల్లి కొనడం ఆ ఏడాదితో మానేశాను.

కాలిఫోర్నియాలో, టెక్సాస్‌లో ఉన్న మనవాళ్లు అడుగుతుంటారు, మాకూ వస్తుందా అని. చలికాలంలో నేల గడ్డకట్టే చోట వచ్చినట్టు డాలస్‌లో రాదు. ఫ్రిజ్‌లో కొన్ని వారాలు పెట్టి నాటేవాళ్లున్నారు. అలా పెట్టిన రెబ్బ మీద కాడ లేస్తుందన్న పూచీ మాత్రం లేదు. మిద్దెతోట ఉన్న హైదరాబాద్ వాళ్లకైతే నా సలహా వేరు. నవంబర్‌లో మామూలు రెబ్బలు కుండీలో గుచ్చి, ఆకుకూరలా పచ్చి ఆకు కోసుకోండి. గడ్డ చిన్నదే వచ్చినా ఆ ఆకు వేసిన ఆమ్లెట్ వృథా పోదు.

వెళ్లే ముందు రోజు అమ్మ ఒక గుప్పెడు పిల్లరెబ్బలు కొంగున కట్టుకుంది, తెనాలి పెరట్లో వేస్తానని. వద్దన్నాను. నాటడానికి పనికొచ్చేది ఏదైనా మన దేశంలోకి తీసుకెళ్లాలంటే అక్కడి దిగుమతి పర్మిట్, ఇక్కడి వ్యవసాయాధికారులు ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి, 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం. తెల్లకుళ్లు, నులిపురుగు ఇలాగే సూట్‌కేసుల్లో ఖండాలు దాటుతాయి. ఒకవేళ దాటించినా తెనాలిలో అవి గడ్డిపోచల దగ్గరే ఆగిపోతాయి.

“అయితే ఏం చేస్తావురా ఇన్నిటిని?” అంది. మూకుడులో నెయ్యి కాగబెట్టి, పొట్టు తీయకుండానే వేశాం. అటుకుల్లా చిటపటలాడి బంగారు రంగుకు తిరిగాయి. వేడన్నంలో కందిపొడి కలిపి పైన చల్లుకుంటే, ఒక్కో ముద్దకు ఐదారు పళ్ల కింద పటుక్కుమన్నాయి.